సందేశం లేని శవయాత్ర

మా ఆవిడ శవాన్ని ప్రభుత్వం ఏడు గంటలు వాకిట్లో ఆపింది. ఇది ఆరోపణ కాదు. జరిగింది. కాదనేవాళ్ళతో నాకు మాటలు లేవు.

ఆమె పేరు సామ్రాజ్యం. జమ్ములపాడుకు పదేళ్ళు సర్పంచి. నా పేరు బసవయ్య. నేను ఐదో తరగతి చదివాను, పదేళ్ళు సర్పంచి మొగుడిగా ఉన్నాను. రెండోదానికే ఎక్కువ చదువు కావాలి.

మాకు పిల్లలు లేరు. అర్జీలున్నాయి. ఊళ్ళోంచి శ్మశానానికి పోయే మట్టిదారిని మేము డొంక అంటాం. అర మైలు ఉంటుంది. నల్లరేగడి. వానాకాలం అందులో అడుగు పెడితే కాలు తిరిగొస్తుంది, చెప్పు రాదు. ఒక ఏడు పాడె మోసే నలుగురూ మోకాళ్ళ దాకా దిగబడ్డారు. వాళ్ళను లాగడానికి ఇంకో నలుగురు దిగారు. వాళ్ళూ దిగబడ్డారు. చివరికి ఆ ఎనిమిదిమంది మధ్య శవం ఒక్కటే పొడిగా ఉంది. ఆ రోజు సామ్రాజ్యం మొదటి అర్జీ రాసింది. పదకొండేళ్ళలో అరవై నాలుగు రాసింది. పదవి పోయాక కూడా రాసింది. ఇచ్చిన ప్రతిసారీ ఆఫీసులో గుండ్రటి ముద్ర వేసి కాపీ చేతిలో పెట్టారు. ముద్రలు చక్కగా పడ్డాయి. రోడ్డు పడలేదు.

పోయే ముందు మూడు రోజులు ఆమెకు గొంతు సన్నబడింది. ఆ గొంతుతోనే నన్ను పిలిచింది.

"ఏమయ్యా, నన్ను డొంకలోనే మోయించాల."

"ట్రాక్టరుందిగా. కాలవ కట్ట మీద చుట్టు తిప్పి తీసుకెళ్తే సుఖంగా పోతావు."

"చచ్చినదానికి సుఖమేందయ్యా? బురదలోనే మోయించు. అర్జీలు తల కింద పెట్టు. ఆఫీసరు ఎవరన్నా వస్తే ఆయన కూడా దిగాల."

"సరే."

"సరే అనమాక. మాటియ్యి."

ఇచ్చాను. నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఆమె నన్ను అడిగి తీసుకున్నది అదొక్కటే. మిగతావన్నీ అడక్కుండానే తీసుకుంది.

భాద్రపదంలో, తెల్లవారుతుండగా పోయింది. ముందు రోజే వాన వెలిసింది. డొంక నిండా బురద. ఆమె చూసుకునే పోయిందని ఊళ్ళో అన్నారు.

ఇక్కడ ఒక ఉత్తర్వు సంగతి చెప్పాలి. అంతకు ఆరు నెలల ముందు జిల్లాలో ఒక పెద్ద నాయకుడు పోయాడు. ఆయన పెద్దల్లుడు చితి పక్కన మైకు పట్టుకుని మామగారి ఆశయాలు చెబుతూ చెబుతూ ఓట్లడిగాడు. చిన్నల్లుడు అవతలి పక్కన ఇంకో మైకు పెట్టించి, మామగారు ఆఖరి చూపు తనవైపే చూశారన్నాడు. కొరివి పట్టుకున్న కొడుకు చితి చుట్టూ మూడుసార్లు తిరిగే లోపల రెండుసార్లు పార్టీ మారాడు. జనం చప్పట్లు కొట్టారు. పంతులుగారు కూడా కొట్టాడు. మేమిద్దరం టీవీలో చూశాం. నేను ఛీ అన్నాను. సామ్రాజ్యం కూడా ఛీ అంది, వేరే కారణానికి. "ఇంతమంది శ్మశానంలో నిలబడి, ఇన్ని మైకులు పెట్టి, అక్కడ కాళ్ళు కడుక్కోవటానికి ఒక కుళాయి కావాలని ఒక్కడన్నా అడిగాడా?" అంది.

ప్రభుత్వం సిగ్గుపడింది. ప్రభుత్వం సిగ్గుపడితే ఉత్తర్వు పుడుతుంది. 'ప్రజాప్రతినిధుల అంత్యక్రియలలో రాజకీయ సందేశముల నివారణ' అని దానికి పేరు. ఎప్పుడైనా ఏ పదవికైనా ఎన్నికైన మనిషి పోతే, సంతాప పరిశీలకుడు అనే అధికారి వచ్చి, అన్నీ చూసి, సందేశరహిత ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేనిదే శవం వాకిలి దాటకూడదు. పెద్ద నాయకుల ఇళ్ళకు వెళ్ళడానికి పరిశీలకులు భయపడ్డారు. అందువల్ల సర్పంచుల మీద, వార్డు మెంబర్ల మీద ఉత్తర్వును గట్టిగా అమలు చేశారు.

మా ఇంటికి తొమ్మిదింటికి వచ్చారు. పరిశీలకుడి పేరు శేషాచలపతి. చంకలో ఫైలు, కాళ్ళకు మెరిసే నల్లబూట్లు. వెంట మా పంచాయతీ కార్యదర్శి ప్రమీల. ఆ పిల్లకు ఉద్యోగం నేర్పింది సామ్రాజ్యమే. శవాన్ని చూడగానే బావురుమంది.

పరిశీలకుడు ఫైలు తెరిచాడు. "కార్యదర్శిగారూ, ఈ దుఃఖం వ్యక్తిగత హోదాలోనా, అధికార హోదాలోనా?"

"వ్యక్తిగతమేనండీ."

"అయితే సెలవు పెట్టి దుఃఖించండి. విధి నిర్వహణలో కన్నీరు ప్రభుత్వ సంతాపంగా పరిగణింపబడుతుంది."

ప్రమీల అక్కడే అరుగు మీద కూర్చుని అరపూట సెలవు చీటీ రాసింది. ఆయన మంజూరు చేశాడు. మళ్ళీ మొదటినుంచి ఏడ్చింది.

తరువాత పూలు. దండలో బంతిపూలు తీయించాడు. గులాబీలు తీయించాడు. రంగున్న ప్రతి పువ్వూ ఎవరో ఒకరి జెండాలో ఉందన్నాడు. మల్లెలు తెల్లవి గదా అన్నాను. "తెల్ల చొక్కా అన్ని పార్టీలదీ. మల్లెలు పెడితే అందరి సందేశమూ ఒక్కసారే వెళ్తుంది" అన్నాడు. చివరికి దారం మిగిలింది. దారం మీద అభ్యంతరం లేదన్నాడు.

ఆయన చూపు ఆమె నుదుటి మీదికి పోయింది. పసుపు, కుంకుమ. నోరు తెరవబోయాడు. పక్కింటి తిరపతమ్మ లేచి కొంగు బిగించింది.

"ముత్తైదువ చావు చచ్చిందయ్యా. కుంకం మీద చెయ్యేస్తావా? ముందు ఇంటికిపోయి మీ ఆవిడతో చెప్పిరా ఆ మాట. వస్తే చూద్దాం."

ఆయన నోరు మూశాడు. ఫైలులో 'కుంకుమ: పరిశీలనలో ఉన్నది' అని రాశాడు. ఇప్పటికీ అది పరిశీలనలోనే ఉంది.

వాకిట్లో ఏసోబు డప్పు కాగపెడుతున్నాడు. రెండు దెబ్బలు వేశాడు. పరిశీలకుడు అటు తిరిగాడు.

"అది ఏం దరువు?"

"చావు దరువండీ."

"ఎన్నికల ఊరేగింపులో ఏం కొడతావు?"

"ఇదేనండీ. కాపోతే కొంచెం తొందరగా కొడతా."

పరిశీలకుడు రాసుకున్నాడు: 'నెమ్మదిగా కొట్టవలెను.'

అప్పటికి పదకొండయింది. ఆమె తల కింద ఉన్న మూట మీద ఆయన కన్ను పడింది.

"అదేమిటి?"

"అర్జీలు. అరవై నాలుగు. డొంక మీద రోడ్డు వెయ్యమని."

"ఇది స్పష్టమైన రాజకీయ సాహిత్యం. తీసెయ్యండి."

"ప్రతి కాగితం మీదా మీ ఆఫీసు ముద్ర ఉంది. రాజకీయమైతే ముద్ర ఎందుకేశారు?"

"ముద్ర వేశాం. చదవలేదు."

"ఒక్కటి కూడానా?"

"రికార్డు ప్రకారం ఒక్కటి కూడా చదివినట్లు లేదు." ఆయన ఆగాడు. ఆలోచించాడు. ఆయనలో నాకు నచ్చిన గుణం అదొక్కటే, నియమం ఎటు తీసుకుపోతే అటు పోతాడు. "చదవని కాగితంలో సందేశం ఉన్నదని చెప్పడానికి ఆధారం లేదు. కనుక అది దిండు."

దిండుకు అనుమతి ఇచ్చాడు.

తరువాత నా చేత ఒక హామీపత్రం మీద సంతకం తీసుకున్నాడు. 'మృతురాలిని గురించి గాని, ఆమె ఆశయములను గురించి గాని, సదరు మార్గమును గురించి గాని ఏ సభలోను ప్రసంగించనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.' రెండు ప్రతులు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. ప్రసంగాలు చేసే అలవాటు నాకు లేదు. ఇంట్లో ఆ పని ఆమెది. సంతకం పెట్టాను.

"చివరి అంశం. ట్రాక్టరు ఏ దారిన వెళ్తుంది?"

"ట్రాక్టరు లేదు. డొంకలో మోస్తాం. మాటిచ్చాను."

ఆయన డొంక చూసొస్తానని వెళ్ళాడు. వెనక ప్రమీల, ఏసోబు. అరగంటకు తిరిగొచ్చాడు. ఒక కాలికి బూటు ఉంది. రెండో కాలికి డొంక ఉంది.

"బసవయ్యగారూ, ఆ మార్గం మాట్లాడుతోంది" అన్నాడు. "మోకాటిలోతు బురద. అందులో నలుగురు మనుషులు. వాళ్ళ భుజాల మీద మాజీ సర్పంచి. ఆమె తల కింద అరవై నాలుగు... దిండ్లు. ఇంతకన్నా ఘాటైన విమర్శ నేను నా సర్వీసులో చూడలేదు. ఏ నాయకుడి ప్రసంగమూ దీని కాలిగోటికి సరిపోదు. ధ్రువపత్రం ఇవ్వలేను."

"అయితే ఏం చేస్తారు? ఆమె ఇక్కడే ఉంటుందా?"

ఆయన ఫోన్ తీసి పైఅధికారితో మాట్లాడాడు. బురదలో దిగబడి కేకలేసి వచ్చాడు గదా, గట్టిగా మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు. వాకిలంతా విన్నది.

"సందేశం ఎక్కడుంది సార్ అంటే, బురదలో ఉంది సార్... తొలగించాలా సార్?... అంటే బురదనా సార్?... సూర్యాస్తమయం లోపలా సార్?... చిత్తం సార్."

పన్నెండున్నరకు మొదటి టిప్పరు వచ్చింది. పక్క మండలంలో ఒక పెద్దమనిషి హెలికాప్టరు దిగడానికి తోలిపెట్టిన గ్రావెలు అది. ఆయన రాక వాయిదా పడిందట. వరసగా పద్దెనిమిది టిప్పర్లు వచ్చాయి. పొక్లెయినొచ్చింది. రోడ్డు రోలరొచ్చింది. రోలరు వెనక ఇంజనీరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అంచనా లేదు, టెండరు లేదు, రోడ్డెట్లా వేస్తారండీ?"

"రోడ్డుకు టెండరు కావాలి" అన్నాడు పరిశీలకుడు. "ఇది రోడ్డు కాదు. సందేశ నివారణ."

ఇంజనీరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ ఉపాయం మాకు తట్టలేదండీ" అన్నాడు. వెళ్ళి రోలరు ఎక్కాడు.

ఊరంతా డొంక గట్టున చేరింది. ముసలివాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. అక్కడ చావు ఉందని ఎవరికీ గుర్తులేదు. ఊళ్ళో ఆ రోడ్డును వద్దన్న మనిషిని నేనొక్కణ్ణే.

ఇంజనీరుకు అడ్డం పోయి నిలబడ్డాను. "ఆపండి. నాకు బురద కావాలి."

"అదేందీ బాబాయ్" అన్నాడు ఏసోబు. "అమ్మ అడిగింది రోడ్డేగా? బురద కాదుగా?"

"పదకొండేళ్ళు అడిగితే వెయ్యలేదురా. ఆమె నోరు మూయించటానికి వేస్తన్నారు."

"ఎందుకేస్తే ఏందిలే. మా అయ్య పోయినప్పుడు నేను పాడెతో పడ్డా గదా ఇందులో. మర్చిపోయావా? రేపు నిన్ను మోసేది కూడా నేనే. అడ్డం లే."

ఆ ఎనిమిదిమందిలో వాడొకడు. నేను మర్చిపోలేదు. కానీ మాట మాటే.

ఇంజనీరు జాలిపడ్డాడు. "పోనీ పెద్దాయన ముచ్చట తీరేలా చివర రెండు గజాలు బురద వదిలేద్దామా?" అని అడిగాడు.

"కుదరదు" అన్నాడు పరిశీలకుడు. "రెండు గజాల బురద అంటే రెండు గజాల సందేశం."

ఇంటికెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. సామ్రాజ్యం, నీ బురద అయిపోతోంది అని చెప్పాను. జవాబు లేదు. ఆమె నాకు జవాబు చెప్పకపోవడం అదే మొదలు. రోలరు చప్పుడు ఇంట్లోకి వినపడుతోంది. పదకొండేళ్ళు ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించిన మనిషి ఇక్కడ పడుకుని ఉంది, ఆ చప్పుడు అక్కడుంది. దీన్ని క్షమించమని నన్ను ఎవరూ అడగవద్దు.

నాలుగింటికి ధ్రువపత్రం చేతికిచ్చారు. 'మార్గమును పరిశీలించితిమి. ఎట్టి సందేశము కానరాలేదు.' పాడె లేచింది. ఏసోబు నెమ్మదిగా కొట్టాడు. డొంక మీద గ్రావెలు ఎర్రగా, గట్టిగా, పెళ్ళిపీట మాదిరి ఉంది. దాని పక్కనే, పొలం గట్టుకూ రోడ్డుకూ మధ్య, నాలుగడుగుల వెడల్పున పాత బురద మిగిలింది. రోలరు అంత దూరం రాలేదు.

నేను చేతిలో నిప్పుకుండతో అందులోకి దిగాను.

"బసవయ్యగారూ, రోడ్డు మీద నడవండి."

"మార్గం పాడెది. కర్త ఎక్కడ నడవాలో మీ ఉత్తర్వులో ఉందా?"

ఆయన పేజీలు తిప్పాడు. లేదు. అందులో ఉన్నది వేరే. పరిశీలకుడు కర్తకు మూడు అడుగుల దూరం మించకుండా, కర్త పలికే ప్రతి మాటా వినేటట్లు నడవాలి. చదివాడు. రెండోసారి చదివాడు. ఫైలు నెత్తిన పెట్టుకుని బురదలోకి దిగాడు.

పది గజాలకు రెండో బూటు కూడా పోయింది. పాడె మోసేవాళ్ళు రోడ్డు మీద హాయిగా నడుస్తున్నారు. మేమిద్దరం పక్కన దిగబడి లేస్తున్నాం. తిరపతమ్మ వెనకనుంచి చూసి, ఏడుస్తున్నదల్లా నవ్వింది. "సామ్రాజ్యమ్మా, ఆఫీసరు దిగాడే!" అని అరిచింది. అది సందేశమా కాదా అని రాసుకోవడానికి ఆయనకు చేతులు ఖాళీగా లేవు. ఒకటి ఫైలు మీద ఉంది, ఒకటి నా భుజం మీద ఉంది.

సగం దారిలో దింపుడు కళ్ళం. అక్కడ పాడె దించుతారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే తిరిగొస్తుందేమోనని, దగ్గరివాళ్ళు చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ తిరిగి రాలేదు. అయినా పిలుస్తారు.

పరిశీలకుడు అడిగాడు. "ఎన్నిసార్లు?"

"మూడు."

"ఒకే పేరు మూడుసార్లు బిగ్గరగా పలికితే నినాదం. నిబంధన తొమ్మిది. అందులోనూ సామ్రాజ్యం అనే పేరు. రెండుతో సరిపెట్టండి."

"మూడోది చెవిలో చెప్తా. బిగ్గరగా కాదు."

"చెవిలో చెప్పినా నేను విని, నమోదు చెయ్యాలి. దానికి ఒక గడి ఉంది."

"వినండి. వద్దన్నానా?"

రోడ్డు మీదికెక్కి ఆమె తల దగ్గర కూర్చున్నాను. సామ్రాజ్యం అన్నాను. డప్పు ఆగింది. ఆయన నమోదు చేశాడు. సామ్రాజ్యం అన్నాను. నమోదు చేశాడు. మూడోసారికి వంగాను. ఆయన కూడా వంగి నా వెనక రోడ్డు ఎక్కబోయాడు. రెండు కాళ్ళూ రాలేదు. నల్లరేగడి పట్టుకుంది. లాగాడు, లాగాడు. ఏసోబు చెయ్యి ఇవ్వబోయి, ఎందుకో డప్పు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పరిశీలకుడు నడుము దాకా ముందుకు వంగి, మెడ సాచి, చెవి నావైపు పెట్టాడు. నాలుగడుగులు తక్కువైంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. తీరిగ్గా చెప్పాను. నలభై ఒక్కేళ్ళలో ఆమె అడ్డం రాకుండా నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చింది అప్పుడే.

"ఏమన్నారు? గట్టిగా చెప్పండి!" అని ఆయన బురదలోంచి కేక వేశాడు.

పాడె లేచింది. పొద్దు ఉండగానే కొరివి పెట్టాను. దిండు ముందు అంటుకుంది. కాగితాలు గదా.

పెద్దకర్మ అయిన వారానికి రోడ్డుకు ప్రారంభోత్సవం పెట్టారు. డొంక మొదట్లో షామియానా, ఆరు మైకులు. ఆ ఉత్తర్వు అంత్యక్రియలకే వర్తిస్తుందట, ప్రారంభోత్సవాలకు వర్తించదట. మొదటి నాయకుడు ఈ రోడ్డు తన చిన్ననాటి కల అన్నాడు. రెండో నాయకుడు ఆ కల మొదట వచ్చింది తనకేనన్నాడు. మూడో ఆయన, ఇలాంటి రోడ్డు ఉంటే ఎవరికైనా పోవాలనిపిస్తుందన్నాడు. రెండున్నర గంటలు. సామ్రాజ్యం పేరు ఒక్కరూ ఎత్తలేదు. తరువాత ఎవరికో గుర్తొచ్చి, నన్ను వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు.

జేబులోంచి ఆ హామీపత్రం, నా ప్రతి, తీశాను. ప్రమీల చేతికిచ్చాను. ఆ పిల్ల మైకులో చదివింది. "మృతురాలిని గురించి గాని, ఆమె ఆశయములను గురించి గాని, సదరు మార్గమును గురించి గాని ఏ సభలోను ప్రసంగించనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను." కింద ప్రభుత్వ ముద్ర ఉందని కూడా చదివింది. గుండ్రటిది అని చదివింది. ఊరు చప్పట్లు కొట్టింది. ఆ రోజు అందరికన్నా ఎక్కువ చప్పట్లు ఆ కాగితానికే వచ్చాయి. వేదిక మీద వాళ్ళు కూడా కొట్టారు, ఎందుకో తెలియకుండా.

దిగి వస్తుంటే శేషాచలపతి ఎదురొచ్చాడు. కొత్త బూట్లు. పక్కకు పిలిచాడు.

"బసవయ్యగారూ, మీ ఆవిడగారి ఫైలు మూతపడటం లేదు. మూడో పిలుపు గడి ఖాళీగా ఉంది. పైనుంచి అడుగుతున్నారు. పోనీ 'ఏమియు లేదు' అని రాసుకోనా?"

"రాయమాకండి. ఉంది."

"ఉంటే ఏమిటది?"

రోడ్డు మీద నడిచి ఇంటికొచ్చాను. బాగుంది. దిగబడలేదు.

అప్పటినుంచి నెలకొక ఉత్తరం వస్తోంది. 'మూడవ పర్యాయము మృతురాలి కర్ణమునందు పలికిన పదములను తెలియజేయవలెను.' నేను పట్నం వెళ్ళి ఒక గుండ్రటి ముద్ర చేయించాను. 'అందినది' అని. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా చక్కగా వేసి, కాపీ తిరుగు టపాలో పంపుతున్నాను. ఇప్పటికి తొమ్మిదయ్యాయి. అరవై నాలుగు దాకా ఓపిక ఉంది.

ప్రసంగించనని సంతకం పెట్టాను గానీ రాయనని పెట్టలేదు. అందుకని ఇంతవరకు రాశాను. ఆ మూడో మాట ఇందులో లేదు, వెతకవద్దు. రోడ్డుంది, నడవండి. ఈ సంగతి ఇక నేను ఎవరితోనూ ఎత్తను.